ముక్కు మాస్టారు చెప్పిన కిటుకు

రొయ్యల మేత తయారుచేసే ఆ మిల్లులో ఆయన్ని అందరూ ముక్కు మాస్టారు అనేవాళ్ళు. నిజానికి బడి మొహం చూసింది ఐదేళ్ళే. అయినా చేపపొడి లారీ గేటు దాటితే మేనేజరు దగ్గర్నుంచి హమాలీ దాకా ఆయన కోసమే కాచుకోవాలి. బస్తాలోకి గొట్టం గుచ్చి పిడికెడు పొడి తీసేవాడు. అరచేతిలో గోరువెచ్చని నీళ్ళతో రుద్ది ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. "ఈ వరస దింపండి. ఆ వరస వెనక్కి. ఎండకముందే కుళ్ళిన చేప" అంటే, ఇంక లారీవాడు నోరెత్తేవాడు కాదు. ఇరవై ఆరేళ్ళు అలా రాజ్యమేలాడు.

ఆ దర్జా అంతా ఇంటి గడప దగ్గరే ఆగిపోయేది. భార్య వాకిట్లోనే బకెట్టు, సబ్బు సిద్ధంగా పెట్టేది. ఆయన చొక్కాలు ఆరేయడానికి వేరే తీగ. పెళ్ళిళ్ళలో చుట్టాలు ఆయన పక్క కుర్చీ ఖాళీగా వదిలేసి, గాలి రావట్లేదని వంక చెప్పేవాళ్ళు.

"ఎన్ని సబ్బులు అరగదీసినా మీ కంపు వదలదండీ" అని ఆవిడ సణిగేది.

"ఆ కంపే మనకి కూడు పెడుతోంది" అనేవాడు, గర్వంగానే.

ఇంతలో చేపపొడి ధర కొండెక్కింది. సముద్రంలో చిన్న చేపలన్నీ ఊడ్చి రొయ్యలకి మేపితే ఎలాగని రొయ్యలు కొనేవాళ్ళూ నిలదీయడం మొదలుపెట్టారు. మిల్లువాళ్ళు సోయాపిండితో మేత చేయాలనుకున్నారు. దానికోసం బాగా చదువుకున్న ఒక అమ్మాయిని తెచ్చారు. మిల్లు వెనక చెరువులో కొత్త మేత వేసి పరీక్ష పెట్టారు. మేత వేసిన పళ్ళెం నీళ్ళలోకి దించడం, రెండు గంటలాగి పైకి లాగి చూడడం. వారం రోజులు చూశారు. వేసిన మేత వేసినట్టే ఉంది.

"ఇంకో వారం చూస్తాం. తినకపోతే మళ్ళీ చేపపొడే" అన్నాడు మేనేజరు.

హమాలీ మేస్త్రీ మాస్టారుని పక్కకి లాక్కెళ్ళాడు. "సోయా గెలిస్తే నీ ముక్కుతో పనేం ఉండదన్నా. ఈ వారం నోరు కుట్టేసుకో."

కుట్టేసుకున్నాడు కూడా, నాలుగు రోజులు. ఐదోరోజు ఆ అమ్మాయి గట్టుమీద నిలబడి, "మేతలో లోటేం లేదండి. రొయ్యలకే అలవాటు కావాలి" అంది. ఆ మాటకి ఆయన ఒళ్ళు మండింది. రొయ్యల్ని తప్పుపడతారా ఎవరైనా?

"అమ్మాయ్, ఆ బురదనీళ్ళలో రొయ్యకి ఏం కనబడుతుందమ్మా? వాసన పట్టుకుని వస్తుంది. నీ మేతకి వాసనేదీ?"

అక్కడితో ఊరుకున్నాడా? చేప తలకాయలు ఉడికించి, ఆ నీళ్ళు వడగట్టి, బస్తా సోయామేతకి రెండు గరిటెలు పట్టించి నీడన ఆరబెట్టి చూపించాడు. మూడో గరిటె పోస్తే సాయంత్రానికి చెడువాసన కొడుతుందని, అప్పుడు రొయ్య దగ్గరికే రాదని కూడా చెప్పాడు. ఆ అమ్మాయి అంతా శ్రద్ధగా రాసుకుంది. మర్నాడు పళ్ళెం నాకేసినట్టు పైకొచ్చింది. పిచ్చి మనిషి, సంబరం ఆపుకోలేక ఇంటికెళ్ళి భార్యకి రెండుసార్లు చెప్పాడు.

రెండు నెలలకి ఆ చేపనీళ్ళు సీలు వేసిన డ్రమ్ముల్లో, పరీక్ష కాగితంతో సహా వేరే ఫ్యాక్టరీ నుంచి రావడం మొదలైంది. చేపపొడి లారీలు ఆగిపోయాయి. మేనేజరు మర్యాదగానే పిలిచి కుర్చీ వేయించాడు. "రేపట్నుంచి రావక్కర్లేదు మాస్టారూ. మీరు చెప్పిన కిటుకు మాత్రం అద్భుతం" అన్నాడు. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. కోపం మేనేజరు మీదా, తన నోటి మీదా అన్నది తేలలేదు.

నెల తిరిగింది. వాకిట్లో బకెట్టు లోపలికెళ్ళింది. ఆయన చొక్కాలు అందరి బట్టలతో ఒకే తీగ మీద ఆరుతున్నాయి. ఒకరోజు భార్య ఆ చొక్కా ఒకటి మడతపెడుతూ వాసన చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది.

"మొత్తానికి పోయిందండీ" అంది.

పాపం, మంచిమాటే అనుకుని అంది. ఆయన అలవాటు కొద్దీ అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.