పెద్దసారు ఇంట్లోంచి పోయే సందు

పిల్లలు ఆవిడని పటాలమ్మ అంటారు. సర్వే ఆఫీసులో కిటికీ పక్కన బల్ల మీద వంగి ముప్ఫైయేళ్లు పటాలు గీసిన మనిషి. ఇప్పుడు నడుం వంగిపోయింది గానీ పగ వంగలేదు.

ఆ పగ ఆఫీసులో తన పై అధికారి పెద్దసారు మీద. ఊరి పటం కోసం ఆవిడ గొలుసు పట్టుకుని వీధి వీధీ కొలిచింది. రెండేళ్లు కళ్లు పొడుచుకుని గీసింది. తీరా అచ్చయ్యాక అడుగున ఆయన పేరుంది.

"మీ పేరు వేస్తే ఎవరు నమ్ముతారమ్మా?" అని నవ్వాడు పైగా.

మరుసటేడు రెండో ముద్రణకి సవరించమని పటం మళ్లీ ఆవిడ బల్ల మీదికే వచ్చింది. సవరించింది. ఆయన చూడకుండానే సంతకం గీకేశాడు. అప్పట్నుంచీ పంతొమ్మిదేళ్లు కాచుకుంది.

ఈమధ్య గ్రంథాలయంలో ఆదివారాలు పిల్లలకి పటాలు నేర్పుతోంది.

"పూర్వం సముద్రం అవతల ఏముందో తెలీకపోతే అక్కడో రాకాసి చేపని గీసిపడేసేవాళ్లర్రా."

"అబద్ధం కదా అమ్మమ్మా!"

"తెలీక ఆడిన అబద్ధం. తెలిసి ఆడేదీ ఉంది. మన పటం ఎవరైనా కాపీ కొడితే దొరికిపోవాలని, లేని సందొకటి గీస్తాం. ఈ ఊరి పటంలోనూ ఉంది. పట్టుకోండి చూద్దాం."

పటం నకళ్లు పట్టుకుని పిల్లలు వారంపాటు ఊరంతా జల్లెడ పట్టారు. పట్టేశారు.

"ఇప్పుడెవర్ని అడగాలి?"

"కింద ఎవరి పేరుంటే వాళ్లనే. రేపు మన గ్రంథాలయం వార్షికోత్సవానికి పెద్దసారు వస్తున్నారుగా!"

మర్నాడు పెద్దసారు మైకు ముందు ఛాతీ విరుచుకున్నాడు. "ఈ ఊళ్లో ప్రతి సందూ నా కాళ్లతో కొలిచి, నా చేత్తో గీశాను!"

ముందు వరసలో రెండు జడల పిల్ల లేచింది. "తాతగారూ, ఈ సందులోకి వెళ్దామంటే మీ గేటు అడ్డొచ్చిందండీ. కాస్త తలుపు తీస్తారా?"

సభ గొల్లుమంది. ఆయన కళ్లజోడు సర్దుకుని పటం అందుకున్నాడు. సందు ఆయన గేట్లోంచి దూరి, వంటింటి మీదుగా సాగి, పెరటి గోడలోంచి బయటపడుతోంది.

"ఏ బుద్ధిలేని వెధవ గీశాడిది?" అని అరిచాడు, మైకు ఉందన్న సంగతి మరిచి.

చివరి వరసలో పటాలమ్మ కుర్చీ పట్టుకుని లేచింది. తలలన్నీ వెనక్కి తిరిగేదాకా ఆగింది. తొందరేముంది?

"నేనేనండీ," అంది. "రెండు ముద్రణలూ."