ఉప్పలమ్మత్తను కరిచిన తాంబేలు

తాంబేలు కరిస్తే ఏం చెయ్యాల్నో నాకు ట్రైనింగ్‌ల ఎవ్వలు చెప్పలే. కుక్క కరిస్తే చెప్పిన్రు, పాము కరిస్తే చెప్పిన్రు, తేలు కుడితే చెప్పిన్రు. నా పేరు మంజుల, నర్మెట్ట పక్కన మా ఊరికి ఆశా కార్యకర్తను. అసొంటి నా కాడికి, పోయిన ఆషాఢంల, మా పక్కింటి ఉప్పలమ్మత్త చూపుడేలు పట్టుకొని వచ్చి "తాంబేలు కొరికిందే మంజులా" అన్నది. నాకు నవ్వు ఆగలే. ఆమె గుర్రుగ చూసింది. సరే అని నల్ల కింద వేలు పెట్టిచ్చి సబ్బుతోని మంచిగ కడిగిన. రక్తం కారుతున్నదని దవాఖానకు తోల్కపోయి టీటీ సూది ఇప్పిచ్చిన. ఇంటికొచ్చినంక తలుపేసుకొని తీరువాటంగ నవ్విన.

ఆ తాంబేలు ఆమె బిడ్డె సింధుది. సింధు పట్నంల నౌకరి చేస్తది. ఆఫ్రికా జాతిదట, ముచ్చటపడి కొన్నది, కాయిదాలు గూడ ఉన్నయి. కిరాయింటోళ్లు వద్దంటే ఎండకాలంల తెచ్చి తల్లి కాడ ఇడిచిపెట్టి పోయింది. అన్నం పళ్లెమంత ఉంటది. పండ్లు లేవు గని మూతి చిలుక ముక్కు తీరుగ ఉంటది, పట్టిందంటే కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. ఐలయ్య మామ వాకిట్ల ఓ మూలకు ఇటుకలు పేర్చి దానికి జాగ జేసిండు. ఉప్పలమ్మత్త దానికి రోజూ గడ్డి, తోటకూర, గుమ్మడాకు తన చేత్తోనే తినిపిస్తది. బిడ్డెకు గూడ అంత ముద్దుగ తినిపియ్యలే అని మామ ఎక్కిరిస్తడు.

ఉప్పలమ్మత్త గురించి చెప్పాలంటే చెప్పేంత ఏం లేదు, అదే ఆమె బాధ. నాట్లకు పోతది, కలుపుకు పోతది, పత్తి ఏరుతది. ఊళ్లె ఏ ముచ్చటకూ ఆమెను అడిగేటోళ్లు లేరు. గని పోచమ్మ బోనాల నాడు ముందటి బోనం ఆమెది. అత్త కాడికెల్లి వచ్చిన హక్కు అది, ఇరువై రెండేండ్ల సంది ఎత్తుతున్నది. ఆ దినం డప్పు ముందల ఆమె, ఆమె ఎనుక ఊరు. నెల ముందటికెల్లే ఆమె మొఖం వేరే తీరుగ ఉంటది. మాట గూడ జర పెరుగుతది, నిజం చెప్తున్న.

అసలు పంచాది ఏందంటే, నోట్లె నువ్వుగింజ నానని మనిషి మా గల్లీల ఒకామె ఉన్నది, మాజీ వార్డు మెంబర్ పెండ్లాం భాగ్యక్క. ముందటి బోనం మీద ఆమెకు పదేండ్ల సంది కన్ను. తాంబేలు కరిసిన సంగతి తెల్వంగనే బోరింగు కాడ మొదలువెట్టింది. "తాంబేలంటే దేవుని అవతారం. ఊకెనే కరుస్తదా? నిప్పు లేంది పొగ వస్తదా? ఏదో పాపం ఉన్నది ఉప్పలమ్మక్క కాడ."

"మరి రోజు కల్లు తాగొచ్చే ఐలయ్య మామను ఎందుకు కరుస్తలేదు?" అని నేను అడిగిన.

"ఆయనది బయటికి కనవడే పాపం. ఈమెది కనవడనిది" అన్నది. దేనికైన జవాబుంటది ఆమె కాడ, ఏం చేస్తం.

నాలుగు దినాలకు తాంబేలు మల్ల కరిచింది, ఈసారి ఉంగరం వేలు. ఉప్పలమ్మత్త పరేషాన్ అయింది. నొప్పికి ఏడ్వలే ఆమె. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడ్చినట్టు, ఊరి మాటలకు ఏడ్చింది. ఆలోచించంగ ఆలోచించంగ ఒకటి యాదికొచ్చింది. సింధు చిన్నగున్నప్పుడు జరమొస్తే కురవి వీరభద్రస్వామికి మొక్కిందట, తీర్చుడు మర్చిపోయిందట. తెల్లారే బస్సులు మారుకుంట కురవి పోయి, కొబ్బరికాయ కొట్టి, తప్పైంది స్వామీ అని చెంపలేసుకొని వచ్చింది. మరునాడు నిమ్మలంగ తాంబేలు జాగల అడుగువెట్టింది. అది టకటక నడుసుకుంట వచ్చి కాలి బొటనేలు పట్టింది.

ఇగ భాగ్యక్కకు పండుగే. "దేవుని కాడికి పోయొచ్చినా ఇడుస్తలేదంటే ఎంత పాపమో చూడున్రి. అసొంటామె ముందట బోనమెత్తితే ఊరికి మంచిదా?" అన్నది. నలుగురు ఆడోళ్లు తలకాయ ఊపిన్రు. ఆ రాత్రి ఉప్పలమ్మత్త బువ్వ తినలే. నాకు మస్తు కోపమొచ్చింది. తాంబేలు మీద గాదు.

పొద్దుగాల నేనే సింధుకు ఫోన్ చేసి అత్తకు ఇచ్చిన. తల్లి గొంతు ఇనంగనే పిల్ల భయపడ్డది, సంగతి ఇని నవ్వింది. "అమ్మా, దానికి కోపం లేదు ఏం లేదు. ఎర్రది కనవడితే తిండి అనుకుంటది. చేతితోని తినిపియ్యకు, తట్టల పెట్టు. ఇంతకు నీ గోర్లకు ఏం పెట్టుకున్నవ్?"

ఉప్పలమ్మత్త తన చేతులు చూసుకున్నది, కాళ్లు చూసుకున్నది. ఆషాఢం గద, ఇరువై గోర్లకు మైదాకు ఎర్రగ పండి ఉన్నది. ఫోన్ నా చేతుల వెట్టి, రెండు సీసా మూతలు తెచ్చింది, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. తాంబేలు ముందట పెట్టింది. అది పచ్చ మూత దిక్కు చూడనన్న చూడలే, సీదా పోయి ఎర్ర మూతను కొరికింది. మూడుసార్లు జాగలు మార్చి పెట్టింది, మూడుసార్లు అంతే.

"పా అత్తా, బోరింగు కాడికి పోయి అందరికి చెప్దాం" అన్న.

"చెప్తే ఇంటరా?" అన్నది. ఆ మొఖంల చాన దినాలకు నవ్వు చూసిన. అది మంచి నవ్వు గాదు.

బోనాలు ఐతారం. శుక్కురారం సాయంత్రం భాగ్యక్క నలుగురు ఆడోళ్లను ఎంటేసుకొని వచ్చింది. ఈ ఒక్క ఏడాది ఎనుక నడువుమని చెప్పనీకె వచ్చిన్రు. చెప్పులు బయట ఇడిచి వచ్చి అరుగు మీద వరుసగ కూసున్నరు, కాళ్లు కిందికి ఏలాడేసి. అందరి కాళ్లకు మైదాకే. భాగ్యక్క గోర్లయితే మందార పువ్వుల లెక్క ఉన్నయి. ఉప్పలమ్మత్త మర్యాదగ చాయ ఇచ్చింది. ఇచ్చి, దానికి గాలాడుతలేదు పాపం అనుకుంట నాలుగు ఇటుకలు పక్కకు జరిపింది. నాకు తెలుసు ఏమైతదో. నేను నోరు మూసుకొని కూసున్న.

భాగ్యక్క మాట ఇంక సగంల ఉన్నది. తాంబేలు నిమ్మలంగ వచ్చి, ఐదుగురి కాళ్లు చూసి, ఆమె బొటనేలే పట్టింది.

"గుంజకు భాగ్యా, గుంజితే ఇంకింత గట్టిగ పడ్తది. కాలు కిందికి ఆనియ్యి, కదలకు" అన్నది ఉప్పలమ్మత్త. "దానికి తినేది సూపిస్తే ఇడుస్తది. ఆగు, మందార పువ్వు తెంపుకొస్త." ఆ పువ్వు చెట్టు పది అడుగుల దూరం లేదు. ఆమె పోయిన తీరు చూస్తే నర్మెట్టకు పోతున్నదనుకుంటరు.

ఈ లోపల భాగ్యక్క రెండు చేతులు జోడించింది. "తల్లీ పోచమ్మా, నిరుడు బోనం అన్నంల బెల్లం సరిపోయిందా అని రుచి చూసిన, ఎంగిలి చేసిన. తప్పైంది." తాంబేలు ఇడువలే. "ఉప్పలమ్మక్క కోడిపుంజును కుక్క ఎత్కపోలే, మేమే కోసుకున్నం. నేను మెడ ముక్కనే తిన్న, తల్లీ."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అరుగు మీద ఉన్న నలుగురు సప్పుడు లేకుంట కాళ్లు పైకి గుంజుకొని చీరల కింద దాచుకున్నరు. అది మైదాకు మహిమ అని తెలిసిన నేను గూడ గుంజుకున్న. ఎందుకంటే చెప్ప.

ఉప్పలమ్మత్త పువ్వు తెచ్చి తాంబేలు మూతికి ఆనిచ్చింది. అది ఏలు ఇడిచి పువ్వు పట్టింది. నేను భాగ్యక్కను నల్ల కాడికి తోల్కపోయి కడుగుతుంటే, ఉప్పలమ్మత్త అరుగు ముందట మూతలు రెండు పెట్టింది. నేనైతే ఆ మూతలు బయటికి తీద్దునా? ఊరంత భాగ్యక్కనే పాపిష్టిది అనుకున్నంక గమ్మునుంటే సరిపోయేది. గని ఆమె తీసింది. తాంబేలు ఎర్ర మూత కాడికి పోయింది. "చూసిన్రు గద? పాపం లేదు, గీపం లేదు. ఎర్ర మైదాకు చూసి తిండి అనుకున్నది, గంతే. భాగ్యను గూడ ఏమనకున్రి" అన్నది.

భాగ్యక్క తడి కాలుతోని నిలవడి అందరిని చూసింది. "మరి కోడి ముచ్చట నేను ఊకెనే చెప్పుకున్ననా?"

ముందటి బోనం ముచ్చట మల్ల ఎవ్వలు ఎత్తలే. చాయ తాగి పోయిన్రు.

ఐతారం నాడు ముందటి బోనం ఉప్పలమ్మత్తదే. నెత్తి మీద దీపం, యాపకొమ్మలు, పసుపు పాదాలు. భాగ్యక్క కాలి వేలికి నేను కట్టిన కట్టుతోని రెండో వరుసల కుంటుకుంట వస్తున్నది. ఉప్పలమ్మత్త ఎంత మెల్లగ నడుస్తున్నదంటే డప్పు కొట్టే రామ్మోహన్‌కు చేతులు గుంజుతున్నయి. "జర జల్ది నడువు చిన్నమ్మా, ఎండ ముదురుతున్నది" అన్నడు. ఆమె ఇంకింత మెల్లగైంది.

నేను పక్కకు పోయి అడిగిన. "భాగ్యక్క కాలు కోసం ఆగుతున్నవా అత్తా?"

నెత్తి మీద బోనం కదలకుంట, ముందటికే చూసుకుంట చెప్పింది. "దాని కాలుకేమైంది, గోరు గూడ పోలే. రేపు పొద్దుగాల మల్ల కలుపుకు పోవాలె మంజులా. ఇయ్యాల గింత మెల్లగ నడువనియ్యి."