కందెన పూసిన పిస్తోలు

నిజాం మీద సంఘం పోరాడే రోజుల్లో మా ఇబ్రహీంపట్నం పడుచువాళ్ళందరికీ ఒకటే జబ్బు ఉండేది. చేతిలో కర్ర ఉంటే దాన్ని తుపాకీలా భుజాన పెట్టుకుని గానీ నడిచేవాళ్ళం కాదు. నిజమైన తుపాకీని దగ్గరగా చూసినవాడు మాలో ఎవడూ లేడు. నేను మాత్రం చూశానని చెప్పుకునేవాణ్ణి (ఒక జవాను తన తుపాకీని గోడకు ఆనించి బీడీ ముట్టించుకుంటుంటే చూశాను, అదీ వాడు నన్ను తరిమేదాకా). అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. బజారులో ఒక సైకిలు దుకాణంలో పనికి ఉండేవాణ్ణి. పంచరు అతికించడం, చైను బిగించడం వచ్చేసరికి లోకంలోని ఇనుప సామానంతా నాకు అర్థమైపోయిందని గొప్ప ధీమా. ఆ ధీమాను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది.

మా పెద్దబాపు (నాన్నకు అన్న) కొడుకు మా ఊరి సంఘం దళానికి నాయకుడు. ఊరంతా ఆయన్ని అన్న అనే పిలిచేది, నేనూ అంతే. మనసు వెన్న, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఎవరైనా ఒక మాట తూలితే ముందు చెయ్యి లేచేది, తర్వాత ఆలోచన వచ్చేది. పగలు బయట తిరిగే వీలు లేక ఇంటి అటక మీద దాక్కుని ఉండేవాడు. ఒకరోజు నన్ను అటక మీదికి పిలిచి, పై దళం వాళ్ళు పంపిన బట్టమూట విప్పాడు. నల్లటి పిస్తోలు! ఒకసారి తూటాలు నింపితే చాలట, మీట నొక్కినప్పుడల్లా ఒకటి పేలి, ఆ వెనకది దానంతటదే వచ్చి కూర్చుంటుందట. మంచాల ఊరికి అవతలి గుట్టల్లో మావాడొకడు కాలికి దెబ్బ తగిలి పడి ఉన్నాడు. వాడికి మందులు అన్న ఒక్కడే మోసుకుపోవాలి. దారి పొడుగునా రజాకార్ల గస్తీ. "తమ్మీ, నువ్వు ఇనుము పని ఎరిగినోనివి. గిది చేతిల మంచిగ కూసుంటదా, నడుమల ఆగకుంట పేలుతదా, గురి తప్పకుంట తాకుతదా, జర చూసి చెప్పు" అన్నాడు. నాకు ఆ పూట అన్నం సయించలేదు, సంతోషంతో.

అన్న పెళ్ళి జరిగి ఇంకా ఏడాది నిండలేదు. వదిన కోహెడ పిల్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. అటక కింద నిలబడి మా మాటలన్నీ విన్నది. నేను మెట్లు దిగగానే, "గది పేలకుంటె ఈ మనిషి మల్ల ఇంటికొస్తడా? నా కండ్లతోని చూస్తెనే నాకు నమ్మకం. నేను గూడ వస్త" అన్నది. పైనుంచి అన్న గొంతు "ఆడిదానికెందుకు గవన్ని?" అన్నది. వదిన అప్పటికే కొంగు నడుముకు చుట్టేసింది.

పిస్తోలు పేల్చి చూడాలంటే ఊరికి దూరంగా పోవాలి, దానికి బండి కావాలి. బండి అంటే మా అమ్మ తమ్ముడే. ఊరందరికీ బండి మామ. ఆయన ఎడ్లబండి మీద పట్నానికి ధాన్యం తోలేవాడు. పిస్తోలును అటూ ఇటూ తిప్పి చూసి, పైన ఉన్న ఇనుప తొడుగును వెనక్కి లాగి, అది కిర్రుమనగానే మొహం చిట్లించాడు. "ఎండిపోయింది రా అల్లుడా! ఇనుముకు ఇనుము రాసుకునేకాడ కందెన ఉండొద్దా?" అన్నాడు. కందెన అంటే తెలియనివాళ్ళకు చెప్పాలి. కాల్చిన గడ్డి బూడిదను ఆముదంలో కలిపి, బండి ఇరుసుకు పూస్తారు. నల్లగా, జిగటగా, చేతికి అంటితే పండగ దాకా పోదు. సైకిలుకు పలుచటి నూనె వాడతారని నాకు తెలియకపోలేదు. కానీ ఆ నూనె బజారులో దొరకడం మానేసి చాలా కాలమైంది. పైగా మామ బండి మా ఊళ్ళో అన్నిటికంటే మెత్తగా నడిచేది. దాంతో ఇద్దరం కలిసి పిస్తోలు సందుల్లో, గొట్టం మూతికి, మీట వెనక, చివరికి తూటాల మీద కూడా దిట్టంగా కందెన కూరాం. మామ దాన్ని దూరంగా పెట్టి చూసుకుని, పెళ్ళికొడుకును చూసినట్టు తృప్తిపడ్డాడు.

మంచాల దారిలో ఒక గుట్ట పక్కన బండలు పేల్చేవాళ్ళు. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక పేలుడు వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి మా చప్పుడును ఎవరూ పట్టించుకోరని ఆ చోటు ఎంచుకున్నాం. బండి గుట్ట కింద విడిచి, గడ్డిలో దాచి తెచ్చిన గుమ్మడికాయను ఒక రాతి మీద నిలబెట్టాను. మామ దానికి బొగ్గుతో మీసాలు గీశాడు (మా ఊరి పటేలు మీసాలు, అచ్చంగా). ముందు చేతికి హాయిగా ఉందో లేదో చూడాలి. పట్టుకోగానే పిస్తోలు సబ్బు ముక్కలా జారి కింద పడింది. తీసి మళ్ళీ పట్టుకున్నాను, మళ్ళీ జారింది. "చేపను పట్టినట్టున్నది" అన్నది వదిన, నవ్వకుండా. చివరికి మామ తలగుడ్డ చింపి పిడికి చుట్టి, రెండు చేతులా పట్టుకుని, ఒక కన్ను మూసి (కంగారులో రెండూ మూశానని వదిన తర్వాత చెప్పింది) మీట నొక్కాను.

పేలింది. నా మోచేతులు జలదరించాయి, మొహం నిండా నల్లటి చుక్కలు. గుమ్మడికాయ మీసాలతో సహా అలాగే కూర్చుని ఉంది. నేను గెలిచినవాడిలా వెనక్కి తిరిగే లోపు గుట్ట కింద గంటలు గలగలమన్నాయి. పేలుడుకు బెదిరిన ఎడ్లు, మా సద్దిమూటతో సహా, చెరువు కట్ట దిక్కుకు బండిని లాక్కుపోతున్నాయి. "ఆగుండ్రి! ఓ నా బంగారాలు!" అంటూ మామ తలగుడ్డ లేకుండా వాటి వెనక పరుగు. నేను రెండోసారి నొక్కాను. చప్పుడు లేదు. పైన ఉన్న తొడుగు వెనక్కి పోయి, కందెనలో కూరుకుని, సగంలో ఇరుక్కుపోయింది. లాగాను, నెట్టాను, రాతికేసి తట్టాను, సైకిలు దుకాణంలో నేర్చుకున్న తిట్లన్నీ తిట్టాను. వదిన మొహం పాలిపోయింది. "గిదే దారిల అయితె?" అని మాత్రం అన్నది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. అప్పటిదాకా అదంతా నాకు ఆటలాగే ఉంది.

ఆ సాయంత్రం వదిన దీపం బుడ్డిలోని గ్యాసునూనె మొత్తం ఒక గిన్నెలో పోసి, వేపపుల్లతో, పాత చీరపేలికతో పిస్తోలు సందుసందూ కడిగింది. ఇంట్లో దీపం లేక అందరం చీకట్లోనే తిన్నాం. మామ ఎలాగో తోలుకొచ్చిన ఎడ్లను ఇంటి దగ్గరే కట్టేసి, మర్నాడు నడిచే పోయాం. పిస్తోలు చేతిలో బుద్ధిగా కూర్చుంది. నొక్కిన ప్రతిసారీ పేలింది, ఒక్కసారి కూడా ఆగలేదు. నేను ఎగిరి గంతేశాను. అయితే గుమ్మడికాయకు మాత్రం గీత పడలేదు. దగ్గరికి జరిగి కాల్చాను. ఇంకా దగ్గరికి జరిగాను. రాళ్ళు పగిలాయి, పక్కనున్న తుమ్మచెట్టు కొమ్మ తెగింది, పటేలు మీసాలు చెక్కుచెదరలేదు. తూటాలు ఇంకా పాడుచెయ్యొద్దని మామ ఆపాడు. వదిన లేచి, గుమ్మడికాయను నెత్తిన పెట్టుకుని ఇంటి దారి పట్టింది. రాత్రి కూర అదే. అన్నకు నేను ఇచ్చిన నివేదిక: "చేతికి మస్తుగున్నది, పేలుడుకు ఫికర్ లేదు, గురి జర ఎడమకు పోతున్నది." తప్పంతా పిస్తోలుదే అన్నట్టు చెప్పాను.

అన్న బయలుదేరేటప్పుడు వదినే స్వయంగా ఒక గుడ్డసంచి కుట్టి, పిస్తోలు అందులో పెట్టి ఆయన నడుముకు కట్టింది. అన్న పోయాక ఆమె గడప దాటలేదు. మేము ఏ కబురూ రాక, ఒకరి మొహం ఒకరు చూసుకోలేక తిరిగాం. చివరికి ఒక ఉదయం ఒంటి నిండా గొర్రెల వాసనతో, కాళ్ళ నిండా ముళ్ళతో అన్న ఇల్లు చేరాడు. మందులు ఇచ్చే వచ్చాడు. వస్తూనే కేక: "గా ముడి ఎవరేసిన్రు?" జొన్నచేను మలుపులో గస్తీవాళ్ళు ఎదురుపడ్డారట. పిస్తోలు తీయబోతే సంచి మూతి విప్పరాలేదట. లాగినకొద్దీ బిగిసిందట. చేసేది లేక పక్కనే గొర్రెలు మేపుతున్న ముసలాయన గొంగడి అడిగి కప్పుకుని, తల వంచుకుని, మందలో గొర్రెలను అదిలిస్తూ వాళ్ళ ముందు నుంచే నడిచిపోయాడట. "అన్ని చూసినవ్ గద తమ్మీ, సంచిల నుంచి తీసుడు చూడలేదేంది?" అని నా వీపు మీద ఒకటి వేశాడు. అందరం పడీపడీ నవ్వాం. వదిన నీళ్ళ చెంబు అక్కడ పెట్టి దొడ్లోకి పోయింది. ఎంతసేపటికీ రాలేదు.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. పిస్తోలు ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పోయింది. అన్న తన పొలం తాను చేసుకుంటూ, గెట్టు దగ్గర పక్కవాళ్ళతో కొట్లాడుతూ, తెల్లటి మీసాలతో నిండు ముసలితనం చూసి పోయాడు. నేను ఈ కథ పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎన్నిసార్లు చెప్పానో! మూడు పరీక్షలూ నటించి మరీ చూపించేవాణ్ణి. అన్న పోయిన మరుసటి ఏడు, ఆయన సంవత్సరీకం నాడు, మనవలు అడిగితే మళ్ళీ చెప్పాను. అందరూ లేచి పోయాక వదినా నేనూ మిగిలాం.

"వదినె, ఇన్నేండ్ల సంది అడుగుదామనుకుంటున్న. గా ముడి గట్లెందుకేసినవ్?"

వదిన తమలపాకు తుడుస్తూ, తల ఎత్తకుండానే అన్నది: "తెల్వక ఏసిననుకున్నవా? గుమ్మడికాయ కదలకుంట కూసున్నది. దాన్నే తాకకపాయె. గా మనిషి కోపం నీకెరుకే గద. పిస్తోలు చేతికొస్తె కాలుస్తడు. తాకదు. మల్ల వాండ్లు ఊకుంటరా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు గంత సంబురంగ చెప్పుకుంటుంటివి. నడుమల నేనెందుకు?" అన్నది. నవ్వబోయింది గానీ కళ్ళు నిండాయి. నావీ అంతే.

ఆ సైకిలు దుకాణం కుర్రవాణ్ణి తలుచుకున్నాను. రెండు కళ్ళూ మూసుకుని మీట నొక్కిన ఆ మహావీరుడు పొరపాటున ఒక్క తూటా గుమ్మడికాయకు తగిలించి ఉంటే వదిన ముడి వదులుగా వేసేదే. ఇంత బతుకు బతికి, నేను చేసిన పనుల్లో అన్నిటికంటే మంచిది గురి తప్పడమేనని ఆ రోజు తెలిసింది.