గిన్నెల దుకాణంలో ఆట మిషను

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్లు తయారు చేసే ఒక చిన్న కంపెనీలో నాకు మార్కెటింగ్ ఉద్యోగం దొరికినప్పుడు మా బాపు అడిగిన మొదటి ప్రశ్న, "గా మిషను ఎవరు కొంటరు బిడ్డా?" వరంగల్ బజారులో ఏళ్ల తరబడి స్టీలు సామాన్ల దుకాణం నడిపిన మనిషికి అంతకంటే పెద్ద ప్రశ్న ఉండదు.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. కాలేజీ కుర్రవాళ్లు కొంటారు. హైదరాబాదు ఆఫీసులో మొదటి రోజే మాకు తెర మీద బొమ్మ వేసి మరీ చూపించారు. నల్ల టీషర్టు వేసుకున్న ఒక అబ్బాయి, చెవులకు హెడ్‌ఫోన్లు, కళ్లలో నీలిమంట. కింద పెద్ద అక్షరాలతో "నీలోని యోధుణ్ణి నిద్ర లేపు" అని రాసి ఉంది.

"లేపితే పుణ్యముంటది. పొద్దెక్కినా లేస్తలేరు," అన్నాడు బాపు.

సొంత ఊరు కదా అని నన్ను వరంగల్‌కే పంపారు. హనుమకొండలో ఒక కాలేజీ గేటు పక్కన టేబుల్ వేసి, వెనక ఆ నీలిమంట అబ్బాయి ఫ్లెక్సీ కట్టి నిలబడ్డాను. పిల్లలు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. గుంపులు గుంపులుగా వచ్చారు. వరస కట్టి ఆడారు, ఫ్లెక్సీతో సెల్ఫీలు దిగారు, నాకు సమోసా కూడా పెట్టారు. కొనడం మాత్రం ఎవరికీ తోచలేదు.

"అక్కా, దీంట్ల రీల్స్ వస్తయా?" అని అడిగాడొక అబ్బాయి.

"రావు తమ్మీ."

"కాల్స్?"

"పోవు."

"మరి ఫోనే మంచిగున్నది గదక్కా," అన్నాడు. పరీక్ష తప్పిన చుట్టాన్ని ఓదార్చినంత మెత్తగా అన్నాడు కాబట్టి కోపం కూడా తెచ్చుకోలేకపోయాను.

ఆ పూట కొనే ఉద్దేశంతో నా దగ్గర ఆగినవాడు ఒక్కడే. బైకు మీద పోతున్న రైతు బండి పక్కకు తీసి, మిషనును అటూ ఇటూ తిప్పి చూసి, "మేడం, ఇది డ్రోన్ తోటి మందు కొట్టే రిమోటే గదా?" అని అడిగాడు. కాదు, ఆడుకునేది అన్నాను. ఆయన ఫ్లెక్సీ వంక చూశాడు, నా వంక చూశాడు, మిషనును జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం మా మేనేజర్ ఫోన్ చేశాడు. "టార్గెట్ ఆడియన్స్ వచ్చారా?"

"వచ్చారు సార్. పోయారు."

"ఎంగేజ్‌మెంట్ ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది సార్. బ్యాటరీ అయిపోయేదాకా ఉంది."

తర్వాత కాలేజీకి పరీక్షల సెలవులు ఇచ్చేశారు. గేటు ముందు నేను, కుక్కలు మిగిలాం. అట్టపెట్టెలన్నీ ఆటోలో వేసుకుని బాపు దుకాణానికి చేరాను. చూపించడానికి ఉంచిన ఒక్క మిషనును మాత్రం గల్లా పక్కన ఛార్జింగ్ పెట్టాను. బాపు దాన్ని టిఫిన్ డబ్బాల మీది నుంచి చెంబుల పక్కకు, చెంబుల పక్క నుంచి గంటెల బుట్టలోకి మారుస్తూ ఉండేవాడు. "బేరానికి అడ్డమొస్తాంది," అనేవాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున భార్యాభర్తలిద్దరు దుకాణానికి వచ్చారు. యాభై దాటినవాళ్లు. ఆయనకు కేసముద్రం మార్కెట్‌లో పత్తి, ధాన్యం అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉందట. హనుమకొండలో కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి వచ్చేవాళ్లకు ఇవ్వడానికి మూతల డబ్బాలు కావాలి, వాటి మీద పేర్లు కొట్టించాలి. డబ్బాలు ఎంచుకోవడం చిటికెలో అయిపోయింది. బాపు పేర్లు చెక్కే కరెంటు పెన్ను చేతిలోకి తీసుకుని, "ఎవరి పేరు ముందు?" అని మామూలుగా అడిగాడు.

"నాదే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"అన్నా, మీరే చెప్పుండ్రి," అందుకుందామె. "ఇల్లు నా పేరు మీదున్నది. కాయితంల ముందున్న పేరు డబ్బా మీద ఎనుకకు ఎట్ల పోతది?"

"లోకంల ఎక్కడన్న ఉన్నదా గిది?" అన్నాడాయన. "మొగని పేరు, తర్వాత పెండ్లాం పేరు. మన పెండ్లి కార్డు నుంచి గంతే నడుస్తాంది."

"గందుకే ఇగ చాలంటాన."

ఈ పంచాయితీ దారిలో మొదలైనట్టు లేదు. కనీసం పునాది తవ్వినప్పటి నుంచీ నడుస్తున్నట్టుంది. బాపు పెన్ను పక్కన పెట్టాడు. "ఒక్కపాలి కొట్టినంక చెరిపేటిది ఉండదు. మీరు నిమ్మళంగ ఒక మాట మీదికి రాండ్రి," అని టీలు తెప్పించాడు.

వాళ్లు చెరో స్టూలు మీద, ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చున్నారు. కోపంలో ఉన్న చెయ్యి ఊరికే ఉండదు కదా. ఆమె గంటెల బుట్టను కదిపితే ఆట మిషను చేతికి దొరికింది.

"ఏంది బిడ్డా ఇది?"

ఆన్ చేసి చూపించాను. పైనుంచి రకరకాల ఆకారాల ముక్కలు పడుతుంటాయి, వాటిని తిప్పుతూ ఖాళీ లేకుండా పేర్చాలి, వరస నిండితే అది మాయమవుతుంది. అంతే. ఆమె కళ్లద్దాలు సర్దుకుని మొదలుపెట్టింది. మొదటిసారి ముక్కలు గుట్టపడి ఆట అయిపోయింది. రెండోసారికి వరసలు మాయమవుతున్నాయి. అప్పటికి ఆయన స్టూలు చప్పుడు కాకుండా ఇటు తిరిగింది.

"ఆ మూలకు పెట్టు. మూలకు, మూలకు!"

"నాకు తెల్వదా?"

"ఏం తెల్సు, మొత్తం ఖరాబు చేస్తానవ్. ఇటియ్యి."

ఆయన ఆడాడు. ఆమె కంటే తక్కువే వచ్చింది. ఆమె భర్త వంక చూసి, చాలా నెమ్మదిగా అంది: "ఎవరికి ఎక్కువొస్తే వాళ్ల పేరు ముందు. సరేనా?"

పక్క దుకాణం వాళ్లు వింటుండగా అన్న మాట. ఆయన కాదంటే పరువు పోతుంది. "సరే," అన్నాడు చొక్కా చేతులు పైకి మడుస్తూ.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆమె పెదవులు బిగించి, ఒక్క మాట మాట్లాడకుండా ఆడింది. ఆయన మాత్రం పడుతున్న ముక్కతో బేరమాడాడు. "ఆగు, ఆగు, జర పక్కకు జరుగు, అరె, చెప్తాంటే ఇనవేంది!" ముక్క వినలేదు. ఆమె గెలిచింది.

"ఎడమ బటను గట్టిగున్నది. ఇది లెక్కల రాదు," అన్నాడాయన.

మళ్లీ ఆడారు. ఈసారి ఆయన కొద్దిలో గెలిచాడు. ఎడమ బటను గురించి ఎవరూ ఏమీ అనలేదు. "ఇంకొక్కటి," అంది ఆమె.

చివరి ఆటకు దుకాణం ముందు జనం పోగయ్యారు. టీలు చల్లారాయి. చెంబు కొనడానికి వచ్చిన ఒకావిడ చెంబు చంకలో పెట్టుకునే నిలబడింది. ఆయన ఆట ముగించి, ఇక తిరుగులేదన్నట్టు మిషనును భార్యకు అందించాడు. ఆమె ఆడుతుంటే ముక్కలు పైదాకా వచ్చేశాయి, ఇంకొక్కటి తప్పుగా పడితే అయిపోతుంది. అప్పటిదాకా పెద్దమనిషిలా కూర్చున్న మా బాపు ఒక్కసారిగా లేచి, "అమ్మా, పొడుగుది నిలవెట్టు!" అని అరిచాడు.

"అన్నా, మీరు ఎవరి దిక్కు?" అన్నాడాయన నొచ్చుకుంటూ.

"నేను డబ్బాల దిక్కు," అన్నాడు బాపు సిగ్గుపడి కూర్చుంటూ.

పొడుగుది నిలబడింది. వరసలు మాయమయ్యాయి. ఆమె గెలిచింది. ఎగిరి గంతేస్తుందనుకున్నాను కానీ, కొంగుతో మిషను తెర తుడిచి భర్త చేతిలో పెట్టిందంతే. ఆయన ఆ అంకెను చాలాసేపు చూశాడు.

"కొట్టన్నా. ఆమె పేరే ముందు కొట్టు," అన్నాడు. కాసేపాగి, "నా పేరు జర పెద్దక్షరాల తోటి కొట్టు," అన్నాడు.

"కొట్టియ్యిండ్రి పాపం," అంది ఆమె. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు.

అమ్మడానికి వచ్చినదాన్ని నేను అమ్మకమే మరిచిపోయాను. ఆయనే అడిగాడు. "ఇది అమ్మేదేనా బిడ్డా, ఊకె పెట్టుకున్నరా?"

"అమ్మేదే," అని పెట్టె తీశాను.

"ఒకటి ఎట్ల సరిపోతది?" అంది ఆమె. "ఇంటికి పోంగనే మళ్ల కొట్లాటనే. రెండియ్యి."

కంపెనీ యాప్‌లో కొన్నవాళ్ల వయసు నింపాలి. అందులో ముప్పై అయిదు దాటితే గడే లేదు. "ఇతరులు" అని పెట్టాను. సాయంత్రానికల్లా మేనేజర్ ఫోన్ వచ్చింది.

"ఎవరీ ఇతరులు?"

జరిగిందంతా చెప్పాను. "కానీ వాళ్లు మన టార్గెట్ కాదు కదా?" అన్నాడు చివరికి.

"కాదు సార్. కొన్నది మాత్రం వాళ్లే."

గృహప్రవేశానికి బాపును, నన్ను పిలిచారు. భోజనాల వరస కోసం ఎదురుచూస్తున్న చుట్టాల చేతుల్లో ఆ రెండు మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. వడ్డించేవాళ్లు పిలిచినా కొందరు లేవలేదు. ఆ మర్నాటి నుంచి దుకాణానికి జంటలు రావడం మొదలైంది. పరదాల రంగు తేలనివాళ్లు, ఎవరి తరఫు చుట్టాలను ముందు పిలవాలో తేలనివాళ్లు. బాపు వాళ్లను కూర్చోబెట్టి, గంటెల బుట్ట ముందుకు జరిపేవాడు. మేనేజర్ కూడా ఒకరోజు హైదరాబాదు నుంచి దిగి, తన కళ్లతో చూసి వెళ్లాడు. కొత్త ఫ్లెక్సీ వచ్చింది. దాని మీద మిషనును చెరోవైపు లాగుతున్న రెండు చేతులు, ఒకదానికి గాజులు. దాని ముందు జనం సెల్ఫీలు దిగలేదు. ధర అడిగారు.

కొన్ని నెలలకు ఆ అడ్తి దంపతులు కుక్కరు కొనడానికి మళ్లీ వచ్చారు. ఆమె బాపుతో కుక్కర్లు చూస్తుంటే, ఆయన నన్ను మెల్లగా వాకిట్లోకి పిలిచాడు.

"బిడ్డా, ఎంత ఆడినా ఆమెను అందుకుంటలేను. నీకేమన్న కిటుకు తెల్సా? ఆమెకు చెప్పకు."

తెలిసింది చెప్పాను. మధ్యలో నింపేసి, ఒక అంచున నిలువుగా సందు వదిలెయ్యాలి, పొడుగు ముక్క వచ్చేదాకా ఓపిక పట్టాలి. ఆయన గాలిలో వేళ్లు ఆడిస్తూ సాధన చేసుకుంటూ లోపలికి పోయాడు. అంతకు ముందు వారమే ఆమె నాకు ఫోన్ చేసి ఇదే కిటుకు చెప్పించుకుందని, ఆయనకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుందని మాత్రం నేను బయటపెట్టలేదు. ఇద్దరూ నా కస్టమర్లే మరి.