బాపు అడిగిన ట్యూబ్‌లైట్ ప్రశ్న

తన నక్షత్రాన్ని దాదాపు రాసుకుంటూ తిరిగే ఒక భారీ గ్రహం మీద నేను పరిశోధన చేస్తున్నాను. దాని గాలిలో నీటి ఆవిరి జాడ ఈ పొద్దున కనిపించింది. గైడ్‌కు పంపేముందు ఆగలేక, హనుమకొండలోని మా చీరల దుకాణానికి పరుగెత్తి మా నాన్నకు, అదే మా బాపుకు, గ్రాఫ్ చూపించాను. గ్రహం నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, దాని గాలిలోంచి దూరి వచ్చే వెలుగులో ఏ రంగులు తగ్గాయో చూస్తామని చెప్పాను.

బాపు ఒక చీర కొంగును ట్యూబ్‌లైటుకు అడ్డం పట్టి చూశాడు. "మరి లైటే తప్పు రంగు సూపిస్తే ఎట్ల బిడ్డా? అందుకే గద గిరాకిని బయట ఎండల నిలబెట్టి సూపిస్తం."

నా గ్రహానికి లైటు ఆ నక్షత్రమే. ఆ నక్షత్రం మీద మచ్చలున్నాయి. అవి కూడా అలాంటి జాడే చూపించగలవు. ఆ సంగతే మర్చిపోయాను. అక్కడే చీరల మూట మీద కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి, మచ్చల ప్రభావం తీసేసి మళ్లీ చూశాను. సాయంత్రానికి తేలింది, జాడ కొంచెం తగ్గింది గానీ పోలేదు.

"బాపూ, నీళ్లున్నయే" అన్నాను, నవ్వు ఆగక.

"ఉంటే మంచిదే. జర మూట దిగు, గిరాకొచ్చింది."

ఇప్పుడు చెప్పండి, పరిశోధన పేపర్‌లో బాపు పేరు నా పేరుకు ముందు వేయాలా, తర్వాతా?