ఇంకొక్క తూరి తప్పు చెయ్యమ్మా

ధనకోటికి ఎదుటివాళ్ళు తప్పు చేస్తే పండగ. కోప్పడడు, నవ్వడు, దిద్దడు. కళ్ళు పెద్దవి చేసుకుని దగ్గరికొచ్చి, ఆ తప్పేదో మళ్ళీ చేసి చూపించమని బతిమాలుకుంటాడు. తిరువళ్ళూరు స్టేషను బయట కాఫీ అంగడి పచ్చయ్యప్ప ఒకనాడు చక్కెరకు బదులు ఉప్పు వేస్తే, ఉమ్మేయాల్సిన కాఫీని గుటుక్కున మింగేసి, "అన్నా, ఇప్పుడు యేసినావే, అట్లే ఇంకొక్క తూరి యెయ్యన్నా. చెయ్యి యాడికి పోతాదో చూడాల" అన్నాడు.

పచ్చయ్యప్ప గరిటె ఎత్తాడు. "నా అంగట్లో నన్నే వెక్కిరిస్తావా?"

పెళ్ళిపీటల మీద కూడా ఇదే వరస. అయ్యవారు తొందరలో ఒక మంత్రం దాటేస్తే, "సామీ, యాడ ఎగరగొట్టినారో ఆడినించి మళ్ళీ ఒకతూరి ఎగరగొట్టండి" అని అడిగాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు ధనకోటి భార్య వరదమ్మ ఇప్పటికీ నెత్తి కొట్టుకుంటుంది. "ముహూర్తం దాటిపోతాంటే ఈయనకు అయ్యవారి తప్పు కావాల్సొచ్చె!"

వినడానికి ఇవన్నీ సరదాగానే ఉంటాయి. ఆ మనిషి వీపు వెనక నిలబడి చూస్తుండగా కంప్యూటరు మీద పని చేయాల్సి వస్తే తెలుస్తుంది సరదా. ఆ గతి సుందరవల్లికి పట్టింది.

అది 1987. తిరుత్తణి దగ్గర నేత ఇంటి పిల్ల సుందరవల్లి. తిరువళ్ళూరు నూలు డిపోలో తాత్కాలికంగా ఉద్యోగం దొరికింది. చుట్టుపక్కల నేత సంఘాలన్నిటికీ నూలు పోయేది ఆ డిపో నుంచే. ఏ సంఘానికి ఏ కౌంటు నూలు, అంటే ఎంత సన్నం నూలు, ఎంత పోయిందో అంతా కంప్యూటరులో ఉంటుంది. దానికి గాజు తలుపుల గది, గదికి ఏసీ. చెప్పులు బయట విడిచి, స్వామి గుడిలోకి వెళ్ళినట్టు వెళ్ళాలి. లోపల ఆమె వణుకుతుంటే అందరూ ఏసీ వల్ల అనుకునేవాళ్ళు.

ఆ యంత్రంతో మాట్లాడే పద్ధతి వేరు. డిపోలో ప్రోగ్రాములు రాసేది ధనకోటే. ఆయన కొత్తగా రాస్తున్న షెల్ స్క్రిప్టు, అంటే యంత్రానికిచ్చే ఆజ్ఞల చిట్టా, పేరు 'నూలు'. ఆ పేరు కొట్టి, పక్కన చిన్న గీత పెట్టి, ఒక అక్షరం కొట్టాలి. k అంటే కౌంటు, పక్కనే అంకె వెయ్యాలి. t అంటే తుడిచెయ్యి, పక్కనే సంఘం పేరు వెయ్యాలి. వేస్తే ఆ సంఘం పాత లెక్క చెరిగిపోతుంది.

"పేరు కొట్టేది మరిచిపోతే?" అని సుందరవల్లి మొదటిరోజే అడిగింది.

మేనేజరు రత్నస్వామి గడ్డం గోక్కున్నాడు. "ఆదిమూలాన్ని అడుగు."

ఆదిమూలం అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నవాడు. పేరు కొట్టకుండా ఎంటర్ నొక్కాడు. మద్రాసువాళ్ళు రాసిచ్చిన పాత ప్రోగ్రాము 'ఏ సంఘం?' అని అయినా అడక్కుండా అన్ని సంఘాల లెక్కా ఊడ్చిపెట్టింది. లెక్క తేలేదాకా నూలు ఇవ్వలేదు. మగ్గాలు నిలిచిపోయాయి. నిలిచిన మగ్గాల్లో సుందరవల్లి నాయన చౌడయ్యదీ ఒకటి. ఆదిమూలం ఇప్పుడు పులికాట్ సరస్సు ఒడ్డున పళవేర్కాడులో రొయ్యలు తూకం వేసుకుంటున్నాడు.

ఇంక ఆ పిల్ల చేతులు ఎక్కడ నిలుస్తాయి? కౌంటు అంకె మరిచిపోయింది. మరిచిపోతే ఆ వెనక ఉన్న మాటను మింగేసి అదే కౌంటు అనుకుంది యంత్రం. ఇంకో రోజు ఆర్.కె.పేట సంఘాన్ని మనం పలికినట్టే ఆర్, కె, పేట అని విడివిడిగా కొట్టింది. యంత్రం ఆర్ ఒక్కదాన్నే పట్టుకుని, ఆ పేరున్న సంఘం యాడుందా అని వెతుక్కుంటూ పోయింది.

"ఆహా!" వెనకనుంచి ధనకోటి చప్పట్లు. "ఎట్ల చేస్తివమ్మా ఇది? నాకు తట్టనే తట్టలేదే! ఇంకొక్క తూరి చెయ్యమ్మా."

"వద్దన్నా. ఏదో తెలీక..."

"మెల్లిగా చెయ్యి. ఏలు ముందు యాడ పెడితివి?"

కళ్ళనీళ్ళు దిగమింగుకుని చేసి చూపించేది. ఆయన నోరు తెరుచుకుని చూసి, పరుగున పోయి తన కుర్చీలో కూర్చుని టకటకా ఏదో కొట్టుకునేవాడు. ఏం కొడుతున్నాడో ఆమెకు తెలియదు. అడిగే ధైర్యమూ లేదు. ఇంట్లో చెబితే చౌడయ్య మగ్గం ఆపి మరీ ఆలోచించాడు.

"తప్పులు పోగేస్తాండాడంటే తరిమేదానికేలే పాపా" అన్నాడు.

ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు. తెల్లారి రైల్లో సంఘాల పేర్లన్నీ వేళ్ళ మీద వల్లె వేసుకుంటూ వచ్చింది.

రత్నస్వామికీ ఆ స్క్రిప్టు మీద మంటే. "ఏమయ్యా, పని చేసేది పట్టుమని పది లైన్లు. ఈ మిగతాదంతా ఏంది?"

"మిగతాదంతా మనుషులు సార్" అన్నాడు ధనకోటి. మేనేజరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆడికృత్తిక తిరునాళ్ళు దగ్గరపడ్డాయి. సంఘాలన్నీ ఒక్కసారే నూలు కోసం ఎగబడ్డాయి. సుందరవల్లి ఒక్కో సంఘం పాత లెక్క అచ్చు తీసి, తుడిచి, కొత్తది ఎక్కిస్తోంది. పేరు కొట్టబోతుండగా గాజు తలుపు ధడేల్మంది.

"ఎన్నమ్మా! ఇంకా కాలేదా?" రత్నస్వామి కేక.

ఉలిక్కిపడింది. వేలు ఎంటర్ మీద పడింది. తెర మీద చూస్తే గీత ఉంది, t ఉంది, పక్కన పేరు లేదు.

అయిపోయింది. అన్ని సంఘాలూ పోయాయి. నాయన మగ్గం పోయింది, తన ఉద్యోగం పోయింది, ఇక పళవేర్కాడే. తెర మీద పచ్చటి చుక్క మాత్రం ఏమీ ఎరగనట్టు మినుకుమంటోంది. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

'ఏమీ పోలే. భయపడొద్దమ్మా. పేరు మరిచిపోతివి, అంతే. నిదానంగా కొట్టు.'

దాని కింద అసలు ఇంగ్లీషులో మేనేజరు చదువుకునేట్టు ఇంకో ముక్క: ఇది ప్రోగ్రాము లోపం, ఆపరేటరుకు సంబంధం లేదు, ధనకోటిని పిలవండి.

రత్నస్వామి ఆ రెండోదే చదివాడు. ధనకోటిని పిలిచాడు. పిలిచి ఉతికి ఆరేశాడు.

"అవున్సార్. నా తప్పే సార్" అంటూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు ధనకోటి.

"నీ చెత్త తీసి పారేస్తా! మద్రాసువాళ్ళదే మళ్ళీ పెట్టిస్తా. ఇప్పుడే ట్రంకు కాల్ బుక్ చేస్తా" అని ఆయన విసవిసా వెళ్ళిపోయాడు.

సుందరవల్లి ఆర్.కె.పేటను కావాలనే విడివిడిగా కొట్టింది. 'ఊరిని ముక్కలు చెయ్యొద్దమ్మా, కలిపి కొట్టు. ఏమీ పోలే' అంది తెర. కౌంటు అంకె వదిలేసింది. దానికీ ఓ మాట ఉంది. తను ఏడుస్తూ చేసి చూపించిన తప్పులన్నిటికీ ఓదార్పు ఉంది.

"ఎందుకన్నా నీ మీద యేసుకుంటివి?"

ధనకోటి సిగ్గుపడ్డాడు. "చిన్నప్పుడు మగ్గం మీద నేను పోగు తెంపితే మా నాయన కొట్టేవాడు కాదమ్మా. ఎట్ల తెంపితివో ఇంకొక్క తూరి తెంపురా అనేవాడు. తెంపితే చూసి, చెక్కలో యాడో ముల్లు లేచుంటే దాన్ని గీకేసేవాడు. తప్పు చేతిలో ఉండేది కొంచెమే. ముల్లు మగ్గంలో ఉంటాది. ఆదిమూలం పోయినాడే, ఆ ముల్లు ఎవురన్నా గీకినారా?"

తలుపు మళ్ళీ ధడేల్మంది. "లైను దొరికింది. మద్రాసువాళ్ళు రేపే వస్తారు" అన్నాడు రత్నస్వామి.

సుందరవల్లి లేచి నిలబడింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. "తప్పు ప్రోగ్రాముది కాదు సార్. నాది. పేరు కొట్టలే. పాతదైతే ఈ పొద్దు అంతా పోయుండేది. ఇది ఒక్క సంఘాన్ని కూడా పోనియ్యలే. చూడండి."

రత్నస్వామి వంగి చూశాడు. సంఘాలన్నీ వరసగా ఉన్నాయి. మెడ చెమట తుడుచుకున్నాడు. మద్రాసు పై ఆఫీసుకు జవాబు చెప్పుకోవాల్సిన భయం ఆయనకూ ఉంది మరి. "పోలేదు కదా? మరి లేచి నిలబడి ఈ గొడవంతా ఎందుకు? కూర్చో. పని చూడు" అని, లైనులో ఉన్న మద్రాసువాళ్ళను రావొద్దనడానికి పరుగెత్తాడు.

ఇటు తిరిగితే ధనకోటి మొహం పాలిపోయి ఉంది. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమన్నా, ఏమైంది?"

"అన్ని తప్పులకూ రాసి పెట్టినానమ్మా" అన్నాడు బెదురుగా. "ఎవురన్నా లేచి నిజం చెప్పేస్తే ఏం చెయ్యాల్నో, దానికి మాత్రం ఒక్క లైను కూడా రాయలేదే!"