పతకాల పట్టికలో పట్టని దేశం

గల్ఫ్‌లో, అల్ అమెరాత్‌లో మమ్మల్ని రూమ్ నుంచి సైట్‌కి తీసుకెళ్ళే బస్సు డ్రైవరుది సూడాన్. బీజింగ్ ఒలింపిక్స్ జరిగిన ఆగస్టులో, ఎండకి పని ఆపే మధ్యాహ్నాలు అందరం పక్కనున్న మలయాళీ హోటల్లో టీవీ చూసేవాళ్ళం. ఇండియాకి షూటింగ్‌లో గోల్డ్ వచ్చినప్పట్నుంచీ నా రూమ్మేట్ జగిత్యాలన్నకి ఆ డ్రైవర్ని గిల్లడమే పని.

"డ్రైవర్ సాబ్, తుమ్హారా ముల్క్ కిధర్?" అనేవాడు పతకాల పట్టిక చూపించి.

ఆయనది ఎప్పుడూ ఒకటే జవాబు. "టేబుల్ ఛోటా. హమారా ముల్క్ బడా. కైసే ఆయేగా?"

ఆఫ్రికాలోకెల్లా పెద్ద దేశం మరి, అంత చిన్న పట్టికలో ఎలా పడుతుంది! ఎన్ని ఒలింపిక్స్‌కి వెళ్ళినా ఒక్క పతకమూ రాలేదన్న సంగతి మాత్రం ఎత్తేవాడు కాదు.

ఎనిమిది వందల మీటర్ల ఫైనల్లో వాళ్ళ కుర్రాడు పరిగెత్తే రోజున ఆయన టీవీ దగ్గరికే రాలేదు. తను చూస్తే ఓడిపోతాడని భయం. బయట బస్సులో కూర్చుని, మా అరుపులు వినబడకుండా ఇంజను ఆన్ చేసుకున్నాడు.

కుర్రాడు రెండోవాడిగా గీత దాటగానే అందరికంటే ముందు బస్సుకేసి ఉరికింది జగిత్యాలన్నే. "అచ్చింది సాబ్! ఎండి మెడల్ అచ్చింది!" అని తెలుగులోనే అరుస్తూ బస్సు తలుపు దబదబా బాదాడు.

ఆయన లోపలికొచ్చి, పట్టిక చూపించేదాకా నిలబడే ఉన్నాడు. కిందెక్కడో వాళ్ళ జెండా కనబడింది. దానికేసి చూసి, జగిత్యాలన్న వైపు తిరిగాడు.

"దేఖో, టేబుల్ బడా హో గయా."